గుజ్జు అరిగిపోయిందన్నారు, ఇక నడవడం మానెయ్యాలా?

ఈసారి ఉత్తరం ఒక టీచర్ గారిది, 54 ఏళ్ళు, పేరు వద్దన్నారు కాబట్టి రాయట్లేదు. చాలా పొడుగ్గా రాశారు, నేను కుదించి పెడుతున్నా:

"మేడం, కుడి మోకాలు రెండేళ్ళ నుంచీ నొప్పి. రెండు నెలల నుంచీ వాపు కూడా మొదలైంది, సాయంత్రానికి చిప్ప ఎక్కడుందో తెలియనంతగా ఉబ్బుతుంది. పొద్దున లేవగానే ఒక పావుగంట బిగుసుకుపోయి ఉంటుంది, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. ఎక్స్‌రే తీసి గుజ్జు అరిగిపోయింది, గ్రేడ్ 3 అన్నారు. ఒక డాక్టర్ గారు ఇంజెక్షన్ అన్నారు, ఇంకొకరు ఇవాళ కాకపోతే రేపైనా ఆపరేషన్ తప్పదన్నారు. ఉన్న కాస్త గుజ్జు కూడా పోతుందేమోనని ఆరు నెలలుగా వాకింగ్ మానేశా, 6 కిలోలు పెరిగా. రోజూ నొప్పి మాత్ర వేసుకుంటేగానీ స్కూలుకి వెళ్ళలేకపోతున్నా, బీపీ మందు ఎలాగూ ఉంది. నా క్లాసు రెండో అంతస్తులో. నడవాలా, కూర్చోవాలా? ఒక్క మాటలో చెప్పండి. ఇంకోటి, కుర్చీలోంచి లేస్తుంటే టక్కుమని శబ్దం వస్తుంది, ముందు బెంచీ పిల్లలకి కూడా వినపడుతుంది, సిగ్గుగా ఉంది."

ఒక్క మాట అడిగారు కాబట్టి ముందు అదే చెప్పేస్తా. నడవండి. అలాగని రేపు పొద్దున్నే లేచి పాత లెక్కన నడిచెయ్యమని కాదండీ, ముందు ఆ వాపు సంగతి చూడాలి, తర్వాత తొడ సంగతి, నడక వాటి వెనకాల వస్తుంది.

మీ భయం అంతా ఆ గుజ్జు అనే మాటలోనే ఉంది. నాకు ఆ మాట మీద చాలా కోపం, ఎందుకంటే అది వినగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది, డబ్బాలో గ్రీజు ఉంది, వాడేకొద్దీ అయిపోతోంది, దాచుకుంటే ఇంకొన్నాళ్ళు వస్తుంది అనే కదా. మోకాల్లో నిజానికి రెండు వేర్వేరు సంగతులున్నాయి, మనం రెంటినీ కలిపి గుజ్జు అనేస్తాం. ఒకటి, తొడ ఎముక చివర, కింద కాలి ఎముక పైన, చిప్ప వెనకాల అతుక్కుని ఉండే నున్నటి పొర, కార్టిలేజ్ అంటారు. అరిగింది అని ఎక్స్‌రే చూసి చెప్పేది దీని గురించి. రెండోది కీలు లోపల ఉండే జిగట ద్రవం. బాగున్న మోకాల్లో ఈ ద్రవం ఒక టీస్పూన్ కూడా ఉండదు, అంతే సరిపోతుంది దానికి. ఇప్పుడు మీ మోకాలు సాయంత్రానికి ఉబ్బుతోంది అంటే లోపల ఎండిపోయింది అనుకుంటున్నారు మీరు, ఉల్టా అండీ, ఎక్కువైపోయింది. కీలు గోడకి లోపలివైపు ఒక పల్చటి పొర ఉంటుంది, అది చిరాకు పడి, ఇన్‌ఫ్లమేషన్ అంటారే అది వచ్చి, అవసరానికి మించి నీరు ఊరిస్తోంది, ఆ నీళ్ళు కూడా పాత జిగట లేకుండా పల్చబడిపోయి ఉంటాయి.

ఇక ఆ కార్టిలేజ్ సంగతి. దానికి రక్తనాళాలు లేవు. మరి దానికి తిండి ఎక్కడిది అంటే ఆ ద్రవంలోంచే. అడుగేసినప్పుడు బరువు పడి స్పాంజి పిండినట్టు పిండుకుంటుంది, అడుగు ఎత్తగానే మళ్ళీ పీల్చుకుంటుంది. అంటే దాని కడుపు నిండేది మీరు నడిస్తేనే. మీరేమో దాన్ని కాపాడుకుందామని ఆరు నెలలు పస్తు పెట్టారు. మిమ్మల్ని అనట్లేదు, నా ఫిజియోథెరపీ వృత్తి మొదట్లో నేనూ వచ్చినవాళ్ళందరికీ రెస్ట్ ఇవ్వండి, మెట్లు ఎక్కకండి, కింద కూర్చోకండి అనే చెప్పేదాన్ని, వాళ్ళు మూడు నెలల తర్వాత ఇంకా నీరసపడిపోయి వచ్చేవాళ్ళు.

దానికి నరాలు కూడా లేవు. కాబట్టి మీకు పుట్టే నొప్పి నేరుగా ఆ అరిగిన పొరది కాదు, చుట్టూ ఉన్న గోడది, కింద ఎముకది, ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లది, నీరసించిన కండరాలది. అందుకే ఎక్స్‌రేకీ నొప్పికీ లెక్క కుదరదు. గ్రేడ్ 3 ఉండి హాయిగా తిరిగేవాళ్ళున్నారు, గ్రేడ్ 1కే రాత్రుళ్ళు నిద్రపట్టని వాళ్ళూ ఉన్నారు. ఆ గ్రేడ్ల పద్ధతి 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు పెట్టింది, సున్నా నుంచి 4 దాకా. ఫిల్ములో ఎముకల మధ్య ఎంత సందుంది, అంచుల్లో ఎముక ఎంత పెరిగింది అన్నది చెప్తుంది అంతే, మీరు ఎన్ని మెట్లు ఎక్కగలరో ఆ ఫిల్ముకి తెలీదు.

సరే, వాపు. రెండు నెలల నుంచీ ఉన్న వాపుని ఉత్తరం చదివి తేల్చెయ్యకూడదు, ఎవరో ఒకరు చేత్తో పట్టుకుని చూడాలి, కాబట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి ఇంకోసారి వెళ్ళి "ఎక్స్‌రే సరే, ఈ వాపు ఎందుకు" అని గట్టిగా అడగండి. అవసరమైతే సూదితో కొంచెం నీరు తీసి టెస్టుకి పంపుతారు. పొద్దున బిగుసుకోవడం పావుగంటలో వదులుతోంది అన్నారు కదా, అది మామూలు అరుగుదల లక్షణమే, అరగంట లోపు వదిలేది ఎక్కువగా అదే. గంటకి పైగా బిగుసుకుని ఉండి, చేతి వేళ్ళ కీళ్ళు కూడా రెండు వైపులా ఉబ్బుతుంటే అది కీళ్ళవాతం కావచ్చు, దాని మందులు పూర్తిగా వేరు, అక్కడ ఆలస్యం చేస్తే కీళ్ళు పాడవుతాయి. రాత్రికి రాత్రి మోకాలు ఎర్రగా ఉబ్బి దుప్పటి తగిలినా ప్రాణం పోయేలా ఉంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే గౌట్ కావచ్చు. మోకాలు వేడిగా, ఎర్రగా ఉండి జ్వరం, వణుకు కూడా ఉంటే మాత్రం కీల్లో చీము పట్టిందేమో చూడాలి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి, పొద్దున చూద్దాంలే అనుకోకూడదు. పిక్క ఒక్కటే ఉబ్బి నొప్పిగా ఉన్నా అంతే, రక్తం గడ్డ కట్టిందేమో అని వెంటనే చూపించుకోవాలి. కాలు మడిచింది మడిచినట్టే లాక్ అయిపోయి చాపలేకపోయినా చూపించుకోవాలి. ఇవేవీ మీరు రాయలేదు కాబట్టి ఇక్కడితో ఆపుతా.

నొప్పి మాత్ర విషయం నాకు మోకాలి కంటే ఎక్కువ భయంగా ఉంది. ఏ మాత్రో రాయలేదు మీరు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ ఈ కుటుంబానిది అయితే రోజూ వేసుకోవడం కడుపుకి, కిడ్నీలకి, గుండెకి మంచిది కాదు, కడుపులో పుండ్లు పడొచ్చు, బీపీని కూడా పైకి తోస్తాయి, అంటే ఒక చేత్తో బీపీ మందు వేసుకుంటూ ఇంకో చేత్తో దాని పని చెడగొడుతున్నట్టు. బీపీ మందుల్లో కొన్ని రకాలకి ఒంట్లో నీరు తీసే మాత్ర తోడై, పైన ఈ నొప్పి మాత్ర కూడా పడితే మూడూ కలిసి కిడ్నీని ఒకేసారి పిండుతాయి. కాబట్టి మీ బీపీ డాక్టర్‌కి నొప్పి మాత్ర స్ట్రిప్ చూపించి అడగండి, బీపీ మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మోకాలి లాంటి పైపైనే ఉండే కీలుకి ముందు వాడి చూడాల్సింది డైక్లోఫెనాక్ జెల్, చర్మం మీద రాస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. కానీ చాలామంది ఎలా రాస్తారంటే వేలి కొసకి బఠాణీ అంత తీసి ఒకసారి రుద్ది, పనిచెయ్యలేదండీ అంటారు. చీటీలో రాసినంత మోతాదులో, మోకాలి చుట్టూ, రోజూ చెప్పినన్ని సార్లు, కొన్ని రోజులు వరసగా రాస్తేనే తెలుస్తుంది. రాశాక దాని మీద హీటింగ్ ప్యాడ్ పెట్టకండి, చేతులు కడుక్కోండి. పారాసిటమాల్ ఈ నొప్పికి పెద్దగా పనిచెయ్యదు, సేఫ్ కదా అని డబ్బాలు ఖాళీ చేసేవాళ్ళకి చెప్తున్నా.

వాపెక్కువున్న సాయంత్రాలు గుడ్డలో చుట్టిన ఐస్ పావుగంట పెట్టండి, నేరుగా చర్మానికి వద్దు. పొద్దున బిగుసుకున్నప్పుడు కాపడం హాయిగా ఉంటుంది, మోకాలు చేతికి వేడిగా తగులుతుంటే మాత్రం కాపడం వద్దు. ఏది పెట్టాలి అని ఇంట్లో గొడవలు పడుతుంటారు, అంత గొడవ అక్కర్లేదు, రెండూ ఉపశమనం కోసమే.

ఒక్కటి మాత్రం ఈ రాత్రి నుంచే మానెయ్యండి. మీరు రాయలేదు గానీ చేస్తూనే ఉంటారు, మోకాలి నొప్పి ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది నా ముందు ఒప్పుకున్న పని: మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకోవడం. సుఖంగానే ఉంటుంది, ఎందుకంటే కొంచెం మడిచి ఉంచితే లోపలి నీటికి చోటెక్కువ. కానీ రాత్రంతా అలా మడిచి ఉంచితే కొన్నాళ్ళకి కాలు పూర్తిగా చాచడం మర్చిపోతుంది, ఆ తర్వాత నిలబడ్డా వంకరగానే నిలబడతారు, తొడ మీద భారం ఇంకా పెరుగుతుంది. ఎత్తు కావాలంటే దిండు మడమ, పిక్క కింద పెట్టండి, మోకాలు చాపి ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోండి. చిన్న టవల్ ఉండలా చుట్టి కుడి మోకాలి కింద పెట్టండి. కుడి అరచెయ్యి కుడి తొడ మీద, ఎడమది ఎడమ తొడ మీద. ఇప్పుడు మోకాలి వెనక భాగంతో ఆ టవల్‌ని మంచంలోకి నొక్కండి. తర్వాత టవల్ మార్చి ఎడమ కాలితో నొక్కండి. చేతుల కింద ఏం తెలిసింది? ఎడమ తొడ చెక్కలాగా బిగుస్తుంది, కుడిది, ముఖ్యంగా చిప్పకి పైన లోపలివైపు, మెత్తగా వదులుగానే ఉంటుంది. ఒక పెద్దాయన ఇది చేసి, నమ్మక చేతులు మార్చి మళ్ళీ చేసి, "నా కాలే నా మాట వినట్లేదు" అన్నారు. సరిగ్గా అదే జరుగుతోంది. కీల్లో కొద్దిపాటి నీరు చేరినా తొడ ముందు కండరానికి వెళ్ళే ఆర్డర్‌ని వెన్నుపాము తగ్గించేస్తుంది, గాయం ఉందేమో అని జాగ్రత్త పడి. కండరం పని మానేస్తే అడుగు అడుగుకీ పడే అదురు కీలే మొయ్యాలి, కీలు మోస్తే ఇంకా వాపు, వాపొస్తే కండరం ఇంకా బంద్. దానికి తోడు మీరు ఆరు నెలలు కూర్చున్నారు. ఒక్కోసారి మెట్ల మీద మోకాలు ఉన్నట్టుండి జారిపోయినట్టు అవుతుందని చాలామంది అంటారు, అది కూడా చాలాసార్లు ఈ కండరం పుణ్యమే.

కాబట్టి వాపు కాస్త దిగుతుండగానే మొదలుపెట్టాల్సింది ఆ టవల్ నొక్కుడు. నొక్కి 5 సెకన్లు, వదిలి కాస్త ఆగి, అలా 10 సార్లు, రోజుకి రెండు మూడు విడతలు, ఊపిరి బిగబట్టకుండా. ఓ వారానికి కుడి తొడ కూడా బిగుస్తోంది అనిపిస్తే, పడుకుని ఎడమ మోకాలు మడిచి, కుడి కాలు నిటారుగా చాపి జానెడు పైకి ఎత్తి, మెల్లగా దించడం. దించేటప్పుడు దభీమని పడెయ్యకండి, సగం లాభం దించడంలోనే ఉంది. ఆ తర్వాత కుర్చీ. నా ఉద్దేశంలో ఒక్క వ్యాయామమే చెయ్యి అంటే నేను ఇదే చెప్తా: కుర్చీలోంచి లేచి నిలబడి మళ్ళీ కూర్చోవడం. మొదట్లో కుర్చీ మీద గట్టి దిండు ఒకటి వేసి ఎత్తు పెంచుకోండి, పాదాలు కొంచెం వెనక్కి, ఒళ్ళు ముందుకి వంచి లేవండి, కూర్చునేటప్పుడు మనసులో మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి, దబ్బున కూలబడొద్దు. 8 సార్లు, కాస్త రెస్ట్, ఇంకో 8. వారానికి మూడు రోజులు చాలు, మధ్య రోజుల్లో కండరం కోలుకుంటుంది. అలవాటయ్యాక దిండు తీసెయ్యండి.

నొప్పి వస్తుందా? వస్తుంది. ఎంతవరకు పర్వాలేదు అన్నదే అందరికీ డౌటు. సున్నా నుంచి పదిలో నాలుగైదు దాకా వచ్చి, మర్నాడు పొద్దుటికి మామూలుకి దిగిపోతే అది మంచి నొప్పే, కానివ్వండి. మర్నాటికి కూడా దిగకపోయినా, వాపు పెరిగినా ఆ మోతాదు ఎక్కువైంది అని అర్థం, సగానికి తగ్గించండి, మానెయ్యకండి. ఇంకో నిజం కూడా చెప్పాలి, మొదటి రెండు మూడు వారాలు మీకు ఒళ్ళు నొప్పులు తప్ప ఏ లాభం కనపడదు, ఎక్కువమంది సరిగ్గా అక్కడే మానేసి "ఎక్సర్‌సైజులు కూడా చేశానండీ, తగ్గలేదు" అంటారు. 8 నుంచి 12 వారాలు ఇవ్వండి.

నడక 5 నిమిషాలతో మొదలు, రోజుకి మూడుసార్లు, సమంగా ఉన్న చోట. వారానికి రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పోండి, ఒకేసారి అరగంట కొట్టెయ్యాలని చూడకండి. సైకిల్, నీళ్ళలో నడక కుదిరితే ఇంకా మంచిది. బాగా నొప్పున్న రోజు చేతికర్ర తీసుకోండి, ఎడమ చేత్తో పట్టుకోవాలి, నొప్పి కుడి కాలికి కాబట్టి. సినిమాల్లో అందరూ తప్పు చేతిలో పట్టుకుని నడుస్తుంటారు, చూసినప్పుడల్లా లేచి చెప్పాలనిపిస్తుంది నాకు. చెయ్యి వేలాడేస్తే మణికట్టు దగ్గరికి కర్ర పిడి రావాలి. మెట్లకి: ఎక్కేటప్పుడు ఎడమ కాలు, అంటే మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, రైలింగ్ వదలొద్దు. ఓ రెండు మూడు నెలలు కింద క్లాసు ఇమ్మని హెడ్ మాస్టర్ గారిని అడగండి, ఇందులో మొహమాటం ఏంటి. రోజంతా నిలబడి పాఠం చెప్పకుండా మధ్యమధ్యలో ఎత్తు స్టూలు మీద కూర్చోండి, అలాగని రెండు గంటలు కదలకుండా కూర్చోకండి, అదీ బిగిసిపోతుంది.

6 కిలోలు అన్నారు. 1 కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం 4 కిలోలు తగ్గుతుందని 2005లో లెక్కకట్టి చూపించారు. అంటే ఆ 6 తగ్గితే అడుగుకి 24 కిలోలు. తగ్గండి అని ఊరికే చెప్పడం తేలికే, నొప్పితో కదల్లేని మనిషికి అది ఎంత కష్టమో రోజూ చూస్తున్నా, అందుకే దీన్ని ముందు చెప్పకుండా ఇక్కడ చెప్పా, కాలు కదిలాక అది దానంతట కొంత దారికొస్తుంది.

ఇంజెక్షన్, ఆపరేషన్ గురించి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చెడ్డదేం కాదు, వాపు బాగా ఉన్నప్పుడు ఒకటి తీసుకుంటే కొన్ని వారాలు నొప్పి తగ్గుతుంది, ఆ వారాల్లో వ్యాయామం మొదలుపెట్టుకోవచ్చు. షుగర్ ఉంటే కొన్ని రోజులు పెరుగుతుంది, చూసుకోవాలి. కానీ మూడు నెలలకోసారి పొడిపించుకోవడం మాత్రం వద్దు, 2017లో 140 మందికి రెండేళ్ళు అలా ఇచ్చి చూస్తే ఉప్పునీళ్ళ ఇంజెక్షన్ ఇచ్చినవాళ్ళ కంటే నొప్పి ఏం ఎక్కువ తగ్గలేదు, కార్టిలేజ్ మాత్రం ఎక్కువ తరిగింది. 2020లో 156 మందిని స్టెరాయిడ్‌కీ ఫిజియోథెరపీకీ పంచి చూస్తే ఏడాది తర్వాత ఫిజియోథెరపీ వాళ్ళే బాగున్నారు. నేను ఫిజియోని కాబట్టి ఇది నేను సంతోషంగా చెప్తానని మీరు అనుకోవచ్చు, కరెక్టే.

ఎవరైనా కెమెరా పెట్టి లోపల కడిగి క్లీన్ చేస్తాం అంటే మాత్రం ఆగి ఆలోచించండి. 2002లో మోస్లీ అనే సర్జన్, ఆయన తోటివాళ్ళు 180 మంది మీద ఒక పని చేశారు, కొందరికి నిజంగా కడిగి శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు, ఎవరికి ఏది చేశారో పేషెంట్లకి చెప్పలేదు. రెండేళ్ళు గమనిస్తే రెండు వైపులా నొప్పి ఒకటే. మోకాలు మార్చే ఆపరేషన్ వేరే సంగతి, అది నిజంగా అవసరమైన వాళ్ళకి గొప్ప ఆపరేషన్, పూర్తిగా మార్చిన మోకాళ్ళలో నూటికి 82 దాకా 25 ఏళ్ళు నిలుస్తున్నాయని 2019లో లెక్క తేలింది. కానీ ఎప్పుడు అన్నది గ్రేడ్ చూసి కాదు, మీ రోజు చూసి. మూడు నాలుగు నెలలు ఒళ్ళు వంచి అన్నీ చేశాక కూడా రాత్రి నిద్ర లేక, మీ పనులు మీరు చేసుకోలేక ఉంటే అప్పుడు వెళ్ళండి, భయపడకండి. అప్పుడైనా ఆపరేషన్ మర్నాటి నుంచీ మీతో చేయించేది ఈ తొడ వ్యాయామాలే.

గుజ్జు పెంచే పొడులు, మాత్రలు అడగలేదు గానీ అడుగుతారు. గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్‌లని 2006లో 1,583 మంది మీద పరీక్షించారు, మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఏమీ తేలలేదు. ఆ డబ్బుతో మంచి మెత్తటి షూ కొనుక్కోండి.

ఇవాళే ఒక పని చెయ్యండి. గోడకి ఆనించి కుర్చీ వేసి, చేతులు గుండెల మీద మడిచి, ఫోన్‌లో 30 సెకన్లు టైమర్ పెట్టి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే సున్నా అనే రాయండి, నా దగ్గర సున్నాతో మొదలైనవాళ్ళు చాలామందే ఉన్నారు. క్యాలెండర్ మీద తారీఖు పక్కన ఆ అంకె వేసి, నెలకోసారి మళ్ళీ చూసుకుని నాకు రాయండి.

అన్నట్టు ఆ టక్కుమనే శబ్దం. నొప్పి, వాపు, లాక్ అవడం లేకుండా ఊరికే శబ్దం వస్తే దానికి ఏ వైద్యమూ అక్కర్లేదు, ఏ నొప్పీ లేని మోకాళ్ళు కూడా చప్పుడు చేస్తాయి. మీకు నొప్పి ఉన్నా దాన్ని చూడాల్సింది వాపుని బట్టే, చప్పుడుని బట్టి కాదు. ముందు బెంచీ వాళ్ళకి మీరు లేస్తున్నారని ముందే తెలిసిపోతుంది, అల్లరి ఆపేస్తారు, ఉండనివ్వండి.